కలరా ఉండల ఘుమఘుమ

ఊరి చివర ఓ ఫంక్షన్ హాలు. దాని వెనక పిల్లకాలువ. ఆ కాలువ గట్టులో కుందేళ్ల బొరియలు. ముహూర్తాలొచ్చాయంటే మనుషులు హాలు ముందు అక్షింతలు చల్లుకుంటారు, వెనక చెత్త చల్లుతారు. థర్మాకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, సగం కొరికిన మైసూర్‌పాకులు, అన్నీ గట్టు మీదికే.

కుందేళ్ల పక్కనే ఓ చిన్న కన్నంలో చుంచయ్య కాపురం. చుంచెలుక కదా, ఒంటికి పుట్టుకతో వచ్చిన కంపు ఉంది. ఆ సంగతి ఎవరో అనేలోపు తనే అనేసుకునేవాడు. "పెళ్లిచూపులకి వెళ్తే పిల్ల నన్ను చూడనే లేదు. నేనింకా వీధి మలుపులో ఉండగానే మావగారు లోపల్నించి 'ఈ సంబంధం వద్దు' అని కేకేశాడు" అని చెప్పుకుని, అందరికంటే ముందు తనే నవ్వేవాడు.

కుందేళ్లకి తాతల నాటి ఆచారం ఒకటుంది. సాయంత్రం పిల్లలు మేతకి బయల్దేరే ముందు పెద్దల్లో ఒకరు బొరియ మూతి దగ్గర కూర్చుని గాలి పీల్చాలి. కుక్క వాసన, నక్క వాసన లేదని తేలాకే "పొండర్రా" అనాలి. దాన్ని ముక్కు కాపలా అనేవాళ్లు. ఆ కాపలా పుణ్యమా అని నక్కకి ఆ గట్టు మీద ఒక్క కుందేలు కూడా దక్కలేదు.

ఓ మధ్యాహ్నం ఆ నక్కే నోట సంచి కరుచుకుని అవతలి గట్టున నిలబడింది.

"వరాలక్కా, బాగున్నావా?"

కుందేళ్లకి పెద్దదిక్కు వరాలమ్మ. చెవులు నిక్కించింది. "అక్కడే ఆగు. కాలువ దాటావంటే కేక పెడతా."

"దాటనులే తల్లీ. ఓ మాట చెప్పి పోదామని వచ్చా. మీ బొరియల వాసన ఇక్కడిదాకా కొడుతోంది."

"మా బొరియలు కంపా?"

"నేనన్నానా? నలుగురూ అనుకుంటున్నారు. పక్కనే ఆ చుంచు కాపురం, పైగా ఇంటినిండా పిల్లలు. నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అంటూ నక్క సంచి విదిలించింది. తెల్లటి కలరా ఉండలు, గులాబీ రంగు బాత్రూం బిళ్లలు దొర్లాయి. "ఇది పెళ్లివారు వాడే సరుకక్కా. బొరియకి నాలుగు పెట్టుకో. చీమ రాదు, పురుగు రాదు, ఇల్లంతా ఘుమఘుమ."

"ఏమిచ్చుకోవాలి?"

"అక్క దగ్గర పుచ్చుకుంటానా? ఊరికే తీసుకో!"

సరుకంతా కాలువ మీది తాటిదుంగ మధ్యలో పెట్టి, పెద్దమనిషిలా వెనక్కి జరిగింది.

చుంచయ్య కన్నంలోంచి తల బయటపెట్టాడు. "వరాలమ్మా, ముట్టుకోకు. నక్క ఊరికే ఇచ్చిందంటే దాని ఖరీదు మన తోలే."

"వాసన గురించి నువ్వు చెప్పాలా, చుంచయ్యా?"

"కంపులో పుట్టి కంపులో పెరిగినవాణ్ని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆ ఉండలు పురుగుల్ని చంపేవమ్మా. పురుగుని చంపేది పిల్లల్ని ముద్దుపెట్టుకుంటుందా?"

"నీకు కుళ్లు. మా ఇల్లు ఘుమఘుమలాడితే నీ ఇల్లు ఇంకా కంపు కొడుతుందని నీ ఏడుపు."

సాయంత్రానికి బొరియబొరియకీ ఉండలు చేరిపోయాయి.

మర్నాటినుంచి పిల్లలకి దగ్గు. కళ్లెమ్మట నీళ్లు. బొరియల్లో వానపాములు పైకి తేలి ఎండిపోయాయి. అందరికంటే చిన్నది బుల్లి, లేత గరిక నోటిదగ్గర పెట్టినా మొహం తిప్పుకుంది.

"పిల్ల తిండి మానేసింది, కనబడటం లేదూ?" అన్నాడు చుంచయ్య.

"పరిమళం ఒంటికి పట్టేదాకా అలాగే ఉంటుందట."

"ఎవరు చెప్పారు?"

"నక్కే."

"మరి నక్క ఇంట్లో పిల్లలకి పట్టిందా?"

"అబ్బబ్బ, నీతో పెద్ద గోలైపోయింది!" అని వరాలమ్మ చెవులు వాల్చేసుకుంది.

ఆ సాయంత్రం ముక్కు కాపలా వరాలమ్మదే. బొరియ మూతి దగ్గర కూర్చుని గుండెలనిండా గాలి పీల్చింది. గులాబీ వాసన. ఇంకోసారి పీల్చింది. కలరా ఉండల వాసన. "ఏమీ లేదు, పొండర్రా" అంది.

పిల్లలు నాలుగు గెంతులు వేశారో లేదో, తుమ్మపొద వెనకనుంచి నక్క ఎగిరి దూకింది. "వెనక్కి, వెనక్కి!" అని చుంచయ్య గొంతు చించుకున్నాడు. అందరూ లోపలికి ఉరికారు. బుల్లి చెవి కొస మాత్రం నక్క నోట్లోనే ఉండిపోయింది.

పిల్లని ఒళ్లో పెట్టుకుని వరాలమ్మ ఏడుస్తోంది. ఇప్పటికైనా కళ్లు తెరుచుకుంటాయని చుంచయ్య ఆశగా దగ్గరికి వెళ్లాడు.

"దిష్టి" అంది వరాలమ్మ.

"ఏమిటీ?"

"మా ఇల్లు చూసి ఎవరికో కళ్లు కుట్టాయి. ఇంకో నాలుగు ఉండలు పెట్టాలి."

చుంచయ్య నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా తల్లీ! పొద వెనక నక్క ఉంటే నీ ముక్కుకి తెలియలేదే! ముక్కు పోయిందే నీకు! గోడకి చెప్పుకున్నా ఈపాటికి కాస్త సున్నమైనా రాలేది!"

"అరవకు. నువ్వు నోరు తెరిస్తే గులాబీ వాసన చెడిపోతోంది."

ఇక వీళ్లతో మాటలు దండగ అనుకున్నాడు చుంచయ్య. మళ్లీ సాయంత్రమైతే వరాలమ్మ మళ్లీ "పొండర్రా" అంటుంది. ఈసారి పోయేది చెవి కొస కాదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం నక్క ఇంకో సంచితో వచ్చి, దుంగ చివర కూర్చుని పగటి కునుకు తీస్తోంది. నాలుగు తిట్టి అయినా పోదామని చుంచయ్య దుంగ మీదుగా దాని దగ్గరికి వెళ్లాడు. ఇంకాస్త దగ్గరికి వెళ్లాడు. మూతి పక్కనే నిలబడ్డాడు. నక్క తుమ్మలేదు, ముక్కు చిట్లించలేదు.

చుంచయ్య మనసు చివుక్కుమంది. ఇంతటి అవమానం పుట్టి బుద్ధెరిగాక జరగలేదు. జలుబు చేసిన పందికొక్కు కూడా తనని చూసి పక్కకి తప్పుకునేదే! ఆ వెంటనే విషయం తలకెక్కింది. రోజూ నోట కరుచుకుని తిరిగేది ఆ ఉండలే. గుహలో దాచుకునేదీ ఆ ఉండలే. అయితే దీని ముక్కూ గోవిందా!

"నక్క దొరా" అన్నాడు.

నక్క ఉలిక్కిపడింది. "ఎప్పుడొచ్చావ్?"

"ఇప్పుడే. నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారు దొరా. నువ్వు ఒక్క మాట చెబితే వరాలమ్మ వింటుంది."

"చెబితే నాకేమిటి?"

"ఈ పిడికెడు ఉండలు ఏం సరిపోతాయి? లోపలి బొరియలన్నీ ఉత్తవే. అక్కడున్న ముసలాళ్ల ముక్కులు ఇంకా గట్టివే. నిన్న నువ్వు రావడం ముందే పసిగట్టి మూల నక్కారు."

అది శుద్ధ అబద్ధం. కానీ ఆశపోతుకి అబద్ధమే ముందు రుచిస్తుంది. "సరుకెక్కడుంది?" అంది నక్క.

"హాలు వెనక షామియానా గుడ్డలు కుప్ప పోసి ఉన్నాయి చూడు, వాటి కింద బస్తా ఉంది. తల దూర్చి లాగితే వచ్చేస్తుంది."

"కుక్కలో?"

"నువ్వు నక్కవి, నేను చుంచుని. కుక్క ఉందో లేదో నీ ముక్కుకి తెలియకపోతే నాకు తెలుస్తుందా?"

నక్క మూతి పైకెత్తి దర్జాగా గాలి పీల్చింది. "లేవు" అంది.

హాలు కుక్కలు రెండూ ఎండపడక ఆ షామియానా గుడ్డల కిందే పడుకుని ఉన్నాయి. నక్క తల దూర్చింది. కుప్ప లేచి మొరిగింది. ఆ తర్వాత గట్టుగట్టంతా ఒకటే రభస. నక్క తోక సగం కుక్కల నోట్లో వదిలేసి కాలువలో పడి, ఈదుకుంటూ అవతల తేలింది.

గోలకి కుందేళ్లన్నీ బయటికొచ్చాయి. చుంచయ్య జరిగింది చెప్పి, "సాయంత్రందాకా ఎవ్వరూ లోపలికి వెళ్లకండి" అని గదమాయించాడు. గట్టుగాలికి కూర్చోగా కూర్చోగా, పొద్దు వాలే వేళకి వరాలమ్మ ముక్కు పుటాలు అదిరాయి.

"ఛీ, చుంచయ్యా! ఎంత కంపయ్యా బాబూ! దూరం జరుగు!"

"అమ్మయ్య" అన్నాడు చుంచయ్య. "బతికిపోయావు."

వరాలమ్మకి ఇంకో వాసన కూడా తెలిసింది. బొరియలోంచి వస్తున్నది. ఘాటుకి కళ్లు మండాయి. బుల్లిని దగ్గరికి లాక్కుని, "దీన్నా నేను పిల్లల పక్కలో పెట్టింది?" అని గొణుక్కుంది. లేచి ఉండలన్నీ బయటికి దొర్లించింది. దొర్లించి, తిన్నగా కాలువవైపు తన్నబోయింది.

"ఆగవే తల్లీ!" అని చుంచయ్య అడ్డం పడ్డాడు. "రేపు తాగేది ఆ నీళ్లేగా!"

"మరి ఎక్కడ పారెయ్యను?"

"పారేసేందుకు వేరే ఊరేమైనా ఉందా? ఎవరి సరుకు వాళ్ల గుమ్మంలోకే."

కుందేళ్లు వరస కట్టి, ముక్కులు మూసుకుని, ఉండలన్నీ హాలు చెత్తకుండీ దాకా దొర్లించుకుంటూ పోయాయి.

అవతలి గట్టు మీద నక్క ఆకలికి నకనకలాడుతూ కూర్చుంది. కూర మరకంటిన థర్మాకోల్ ప్లేటొకటి కాలువలో కొట్టుకొస్తే పట్టుకుని కొరికింది. అది మాంసమో కాదో ముక్కు చెప్పడం లేదు. నములుతూనే ఉంది.

నీతి: కంపుని కప్పుతానని వచ్చిన సరుకు ముందుగా కప్పేది మన ముక్కునే.