ఉయ్యాలెక్కిన ఓడదొంగ

రాజా జగ్గరాజు గారికి ఏదైనా బుద్ధి పుట్టిందంటే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ ఏడు పుట్టిన బుద్ధి ఏమిటంటే, తన మూడు ఓడలకీ ఒక పేరుమోసిన ఓడదొంగని సరంగుగా పెట్టుకోవాలని. దొంగే కాపలా ఉంటే ఇంకో దొంగ దగ్గరికి రాడని ఆయన ధీమా.

దొంగ కూడా దొరికాడు. తెల్లదొరల ఓడలనే గడగడలాడించిన ఒంటిచెవి బార్టన్ తానేననీ, బుద్ధొచ్చి కొలువు కోరుతున్నాననీ ఒక దొర కోటకొచ్చాడు. ఒక చెవి నిజంగానే లేదు. మీసం మాత్రం నలుగురికి సరిపోయేంత ఉంది. మూడు రోజుల్లో రాజుగారు అతని కబుర్లకి పడిపోయారు.

పాపం, ముప్పై ఏళ్లుగా ఆ ఓడలు నడిపిన ముసలి సరంగు దానయ్య కొలువుకి ఎసరొచ్చింది. దానయ్య మేనల్లుడు అప్పలకొండ రాజుగారి ఉయ్యాలబల్ల ఊపే నౌకరు. మామ ముఖం చూసి ఉండబట్టలేక, ఈయన ఓడదొంగ కాదు బాబుగారూ అనేశాడు.

రాజుగారికి ఒళ్లు మండింది. రేపు పొద్దుగూకేలోగా రుజువు చెయ్యి, లేదా మీ మామా నువ్వూ ఊరొదిలి పొండి అన్నారు.

వాడి దగ్గర రుజువెక్కడిది? ఒక్క సంగతి మాత్రం కనిపెట్టాడు. రాజుగారు పక్కన కూర్చోమని ఎన్నిసార్లు పిలిచినా దొర ఉయ్యాలెక్కలేదు, కుర్చీయే అడిగాడు. ఉయ్యాల ఊపేవాడికి కాక ఆ సంగతి ఇంకెవరికి తడుతుంది?

మర్నాడు సభలో అప్పలకొండ చేతులు కట్టుకుని, అంతటి వీరుడి చరిత్ర ఉయ్యాల మీంచి చెబితే అందరికీ కనబడుతుందని విన్నవించాడు. ఓడలు అప్పగించే మామ కూడా పక్కనే ఉండాలన్నాడు. రాజుగారు సరేనన్నారు. దొరకి తప్పలేదు. దానయ్య దవడన ఆకూవక్కా పెట్టుకుని రెండో కొసన కూర్చున్నాడు.

దొర పన్నెండో ఏట ఇల్లొదిలిన దగ్గర్నించి మొదలెట్టాడు. అప్పలకొండ మెల్లగా ఊపాడు. మొదటి ఓడ దోచేసరికి ఉయ్యాల జోరందుకుంది, దొర నుదుట చెమట పట్టింది. పాదుషా గారి నగల ఓడని తరుముతుంటే తుఫానొచ్చిందన్నాడు, తెలివితక్కువగా. తుఫాను మాట వినగానే అప్పలకొండ నడుం బిగించాడు.

దొర మీసం వాలిపోయింది. ఉయ్యాల గొలుసుని రెండు చేతులా కావలించుకుని, "ఆపించండి రాజా, నన్ను ఒడ్డున పడెయ్యండి!" అని మొత్తుకున్నాడు.

అప్పలకొండ వంగి, ఎంతో వినయంగా అన్నాడు:

"ఒడ్డు జానెడు దూరంలోనే ఉంది దొరగారూ. కాలు చాపండి, అందుతుంది."

సభంతా గొల్లున నవ్వింది. దొర నేల మీదికి జారి, తల పట్టుకుని, నిజం కక్కేశాడు. తాను రేవులో దొరలకి నెత్తిన తగిలించుకునే పెట్టుడు జుట్టు కుట్టేవాడట. చెవి కుక్క కొరికిందట. స్వదేశం నుంచి ఆరు నెలలూ ఓడ ఊపుకి తలతిరిగి పడక దిగకుండా వచ్చి, మళ్లీ ఓడెక్కే ధైర్యం లేకే ఇక్కడ ఉండిపోయాడట.

"మరి ఓడలిస్తే ఏం చేద్దామనుకున్నావయ్యా?" అన్నారు రాజుగారు.

"ఒడ్డున నిలబడి హుకుములిద్దామని."

రాజుగారికి నవ్వీ నవ్వీ కళ్లనీళ్లొచ్చాయి. ఆ నోటికి రోజూ కథలు చెప్పే కొలువిచ్చారు, నేల మీద కూర్చునే. తన చేతి కడియం తీసి అప్పలకొండకి తొడిగారు. ఓడలు నీవే దానయ్యా అనబోతూ అటు తిరిగారు.

ఉయ్యాల ఇంకా ఊగుతూనే ఉంది. దానయ్య గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

"మెల్లగా ఊపరా, లేస్తాడు" అన్నారు రాజుగారు.