జానెడు పెట్టె, ఎనిమిదిన్నర మణుగులు

ఒకానొక రాజ్యంలో, ఏ రాజ్యమని మాత్రం అడక్కండి, ఉద్దండభూపతి అని ఒక రాజు ఉండేవాడు. ఆయనకి తెలియని విషయం లేదు. కనీసం ఆయన అలా అనుకునేవాడు. పక్కనున్నవాళ్లు కాదనేవాళ్లు కాదు.

ఆ రాజ్యంలో ఊరి నుంచి ఊరికి సామాను చేర్చడానికి అంచె బళ్లు ఉండేవి. మొదట్లో తూకాన్ని బట్టి కిరాయి. దూది వర్తకులు కొండంత మూటలు తెచ్చి బండి మొత్తం నింపేసి, తూకం తక్కువేగా అని చిల్లర చేతిలో పెట్టి పోయేవాళ్లు. రాజుగారికి ఒళ్లు మండింది.

“బండిలో చోటే ఖరీదైనది! బరువుదేముంది, ఎద్దులు లాగుతాయి. ఇక నుంచి చోటుకే కిరాయి. జానెడు పెట్టెలో పట్టే సామానుకి ఒక రూక. మూరెడు పెట్టెలో పడితే పది. అది దాటితే యాభై. జాన అంటే నా జాన, మూర అంటే నా మూర. బరువెంతని ఎవడైనా అడిగితే తోలు తీస్తా!” అని సభలో ప్రకటించాడు. సభ చప్పట్లు కొట్టింది. ఆ సభ దేనికైనా కొడుతుంది.

కంచర గవరమ్మకి ఇదేమీ పట్టలేదు. ఆవిడ అంగళ్లలో వాడే తూకపు రాళ్లు పోసేది. ఇత్తడివే అయినా అందరూ రాళ్లనే అంటారు. వేసవి నుంచీ పని లేక కొలిమి చల్లారిపోయి ఉంటే, రేవుపట్నం వర్తకులు సంత కోసం కొత్త రాళ్లు కావాలని కబురు పంపారు. సంత మొదలయ్యేలోపు చేరకపోతే ఇంకోచోట కొనుక్కుంటామన్నారు. ఆ కొలిమి మీద నాలుగు ఇళ్లు బతకాలి.

రాళ్లన్నీ పోసి, అరగదీసి, సరిచూసి, అలవాటు ప్రకారం పెద్ద గంపలో ఎండుగడ్డి కూరి, మధ్యలో రాళ్లు పెట్టి అంచె కచేరీకి మోయించుకొచ్చింది.

అధికారి కోదండం తల కూడా ఎత్తకుండా, “యాభై రూకలు” అన్నాడు.

“యాభయ్యా! అయ్యా, ఇందులో ముప్పాతిక వంతు గడ్డే!”

“గడ్డికి మాత్రం చోటక్కర్లేదా?”

“పోనీ తూకం వేసి చూడండి, మీకే తెలుస్తుంది.”

“హుష్! ఆ మాటెత్తకు. నా తోలు మీద నాకు ఆశ ఉంది.”

వెనకాల వరసలో ఒకాయన చంకలో చేట పెట్టుకుని నిలబడ్డాడు. ఆస్థానంలో కబుర్లు చెప్పి రాజుని నవ్వించే తిప్పన్న. కూతురికి చేట పంపుదామని వచ్చి, దానికీ యాభయ్యే అని విని అప్పటికే విసిగిపోయి ఉన్నాడు.

“చేట కంటే చేట ప్రయాణానికే ఎక్కువ. దీని మొహం మండ!” అని గొణుక్కుని, గవరమ్మ వైపు తిరిగాడు. “అమ్మా, అసలు ఆ గడ్డి ఎందుకు?”

“రాళ్లు ఒకదానికొకటి రాసుకుంటే అరుగుతాయి బాబూ. గింజంత అరిగినా అది దొంగ రాయే. తీసుకోరు.”

“కదిలితేనే కదా రాసుకునేది? కదలకుండా బిగిస్తే?”

గవరమ్మ గంపలో చెయ్యి పెట్టి ఒక రాయి తీసి చూసింది. “నావి నాలుగు పలకల రాళ్లే. పాతచీర పేలికలు చుట్టి పక్కపక్కన బిగిస్తే సూది కూడా దూరదు” అంది. అని, తన తల మీద తనే ఒకటి మొట్టుకుంది. “మా అమ్మ గడ్డి పెట్టేదని నేనూ పెడుతున్నా!”

మర్నాడు రాళ్లన్నీ జానెడు చెక్కపెట్టెలో దిగాయి. దాన్ని కావడి బద్దకి తాళ్లతో కట్టి, నలుగురు మనుషులు ఆపసోపాలు పడుతూ మోసుకొచ్చారు.

“ఇదిగో ఒక రూక” అంది గవరమ్మ.

కోదండం పెట్టెని జరపబోయాడు. జరగలేదు. రెండు చేతులా తోశాడు. నడుం పట్టేసింది.

“ఇది కుదరదు! ఏముందిందులో?”

“నిన్న బరువు అడక్కూడదన్నారుగా?”

“నేనడగలేదు! నా నడుం అడుగుతోంది! దీనికీ యాభై.”

“ఏమయ్యా, నిన్న పెద్దదని యాభై, ఇవాళ చిన్నదని యాభై! రేపు నా మొహం బాలేదని యాభై అంటావా? బండి ఇవాళ సాయంత్రమే. మళ్లీ తొమ్మిది రోజులకి కానీ లేదు. అప్పటికి సంత అయిపోతుంది!”

“రాజుగారు సరేనంటే ఎక్కిస్తా. వెళ్లి అడుక్కో.”

గవరమ్మకి కళ్లనీళ్లొక్కటే తక్కువ. తిప్పన్నని వెతికి పట్టుకుని సంగతంతా చెప్పింది.

“ఆ పెట్టె ఎంత తూగుతుంది?” అన్నాడు తిప్పన్న.

“ఎనిమిదిన్నర మణుగులు. గింజ అటూ ఇటూ లేదు.”

“పద. ఇవాళ రాజుగారి పుట్టినరోజు. తులాభారం జరుగుతోంది. పోయినేడు సరిగ్గా ఎనిమిది మణుగులు తూగాడు. ఈ ఏడు విందులు మరీ ఎక్కువ తిని ఉండకపోతే బతికిపోతాం.”

వీళ్లు పెట్టె మోయించుకుని వెళ్లేసరికి రాజు త్రాసు పళ్లెంలో దర్జాగా కూర్చుని ఉన్నాడు. రెండో పళ్లెంలోకి ఇంకా బెల్లం ఎక్కలేదు. సంగతి విని పకపకా నవ్వాడు.

“నా ధర్మానికే వంక పెడుతున్నావా తిప్పన్నా? చోటే అసలు సంగతి. బరువుదేముంది? నన్ను తూచాలంటే మనిషెత్తు బెల్లం దిమ్మలు పేర్చాలి. అదీ నా ఘనత. ఈ జానెడు పెట్టె నన్నేం చేస్తుంది?”

“లేపుతుంది ప్రభూ.”

“లేపితే నువ్వడిగింది ఇస్తా. లేపకపోతే నీ మీసం సగం గొరిగిస్తా!”

తిప్పన్న ఓసారి రాజుగారి బొజ్జ వైపు చూశాడు. ఓసారి మీసం తడుముకున్నాడు. నలుగురూ కలిసి పెట్టెని రెండో పళ్లెంలోకి దించారు.

త్రాసు కిర్రుమంది. కాసేపు ఎటూ తేల్చుకోలేనట్టు ఊగింది. గవరమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత పెట్టె మెల్లగా నేల తాకింది, రాజుగారు మెల్లగా పైకి లేచారు. కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. ఒక చెప్పు జారి పురోహితుడి ఒళ్లో పడింది.

సభలో ఎవరికీ చప్పట్లు కొట్టాలో వద్దో తెలియలేదు.

“ఏయ్! దించండి! నన్ను దించండి!”

“దించాలంటే పెట్టె తియ్యాలి ప్రభూ” అన్నాడు తిప్పన్న చేతులు కట్టుకుని. “కానీ తీసి ఎక్కడ పెట్టాలో తెలియక ఆగాను. అంచె కచేరీలో పెడితే కోదండం ఒప్పుకోవట్లేదు.”

“అంత బరువుని ఒక్క రూకకి పంపిస్తావా? ఇది మోసం!”

“మోసమా? బండిలో చోటే ఖరీదని మీరేగా సెలవిచ్చారు. ఈవిడ మీ బండిలో జానెడు చోటే అడుగుతోంది. మీ మాట నమ్మినవాళ్లు ఈ రాజ్యం మొత్తం మీద ఈవిడ ఒక్కర్తే. ఆవిణ్ణి కూడా వెనక్కి పంపేస్తారా? మరేం పర్లేదు, తొందరేమీ లేదు. ఆలోచించుకోండి. పైనుంచి సభ కూడా బాగా కనిపిస్తుంది.”

రాజు కిందికి చూశాడు. జానెడు పెట్టె. అంత దర్జా, అంత దేహం, ఆ పెట్టె ముందు తేలిపోయాయి. ముందు మూతి ముడిచాడు, తర్వాత మీసం కదిలింది, ఆ తర్వాత పగలబడి నవ్వడం మొదలెట్టాడు. నవ్వుతున్నకొద్దీ పళ్లెం ఉయ్యాలలా ఊగింది. దాంతో ఇంకా నవ్వాడు.

“తియ్యండర్రా! రేవుపట్నం బండిలోకే తియ్యండి! ఆ కోదండాన్ని పిలిచి ఒక చెయ్యి వెయ్యమనండి!”

పెట్టె లేచింది, రాజుగారు దిగారు. తన మెడలో హారం తీసి తిప్పన్నకి వేశాడు. గవరమ్మకి కోటలోని అంగళ్లన్నిటికీ కొత్త తూకపు రాళ్లు పోసే పని ఇచ్చాడు.

ఆవిడ దణ్ణం పెట్టింది కానీ అక్కడ నిలబడలేదు. సాయంత్రం బండి కదిలి, మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా కచేరీ గుమ్మంలోనే ఉంది. ఆ తర్వాత గబగబా ఇంటికెళ్లి కొలిమిలో బొగ్గులేసింది.