అంకమ్మరావు మాస్టారి చేతి కొలత

"ఎవరి చేతికి ఏ వాచీ నప్పుతుందో మనకు తెలుస్తూనే ఉంటుంది గురువుగారూ. వాళ్లకు తెలిసేలా చెప్పడం ఎలా?" అని కెజియా అడిగింది.

కరీముల్లా గారు చీరాలలో నలభై ఏళ్లుగా వాచీలు బాగుచేస్తూ, అమ్ముతూ ఉన్నారు. అడిగిన వెంటనే జవాబివ్వడం ఆయనకు అలవాటు లేదు. కంటికి బిగించుకున్న అద్దం తీయకుండానే "చూద్దాం" అంటారు. ఆ చూద్దాం ఒక్కోసారి వారం పట్టేది. ఈసారి మధ్యాహ్నానికే వచ్చింది.

కెజియా ఆయన దగ్గర పనిలో కుదిరి మూడేళ్లు. మణికట్టు చుట్టుకొలత కంటే పైభాగం వెడల్పు చూడాలనీ, బెల్టు తగిలించే కొసలు ఆ వెడల్పు దాటి బయటకు రాకూడదనీ, బిగించాక చిటికెన వేలు దూరేంత సందుండాలనీ ఆయనే నేర్పారు. ఆమె అంచనా తప్పిన రోజు లేదు. ఆమె చెబితే విని కొన్నవాళ్లు మాత్రం తక్కువ.

ఆ మధ్యాహ్నం వచ్చిన మనిషి అంకమ్మరావు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అంతకుముందు జిల్లా కబడ్డీ జట్టులో ఎడమ మూల ఆయనదే. కూతకొచ్చినవాడి చెయ్యి ఆయన ఎడమ చేతికి చిక్కితే ఇక వెనక్కి వెళ్లేది లేదని ఆ తరం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉండి వచ్చాక మనిషి సగమయ్యారు. ఏప్రిల్ ఎండలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకుని వచ్చారు. ఆదివారం తన దగ్గర ఆట నేర్చుకున్నవాళ్లంతా సన్మానం చేస్తున్నారట. పెద్ద వాచీ కావాలన్నారు, ఇనుప చైనుది, దూరం నుంచి కనిపించేది.

ఎందుకో కెజియాకు అర్థమైంది. ఆ చేతిని వాళ్లు చూడకూడదు. అర్థమైంది గనుకే నిజం చెప్పాలనుకుంది. పెద్దది పెడితే దాని కొసలు రెండు వైపులా బయటకొచ్చి చెయ్యి ఇంకా సన్నగా కనిపిస్తుంది. సన్నటి తోలు బెల్టున్న మామూలు వాచీ ఒకటి తీసి ముందు పెట్టింది. ఆయన దాన్ని వేలితో వెనక్కి నెట్టారు.

"మా మనవరాలు వచ్చినప్పుడు చూపించమ్మా."

"మీ చేతి వెడల్పుకు ఇంతకంటే పెద్దది నిలవదు మాస్టారూ" అంది కెజియా.

చెప్పింది నిజమే. అంకమ్మరావు చొక్కా చెయ్యి వేళ్ల దాకా లాక్కుని లేచారు. ఆదివారం కూడా ఆ మనిషి ఇంట్లోంచి కదలరని ఆమెకు అనిపించింది. అన్న మాట వెనక్కి తీసుకునే దారి కనపడలేదు.

కరీముల్లా అప్పుడు కంటి అద్దం తీశారు. మాస్టారిని కూర్చోమని, ఆయన అడిగిన పెద్ద వాచీనే తీసి ఎడమ చేతికి పెట్టారు. తర్వాత తన కుడి చెయ్యి బల్ల మీదుగా చాపారు.

"ఒకసారి పట్టుకోండి. ఎన్నాళ్లుగానో వింటున్నాను, చూడలేదు."

అంకమ్మరావు అనుమానంగానే పట్టుకున్నారు. వాచీ అడుగువైపుకి జారింది. దాని పక్కనుండే, టైము తిప్పే బొడిపె అరచేతి మొదట్లో గుచ్చుకుంది. పట్టు సడలింది, కరీముల్లా చెయ్యి తేలిగ్గా బయటకొచ్చింది. కరీముల్లా ఆ వాచీ విప్పి, కెజియా తీసిన చిన్నదాన్ని పెట్టి, సందులో చిటికెన వేలు దూర్చి చూసుకున్నారు. మళ్లీ చెయ్యి చాపారు.

ఈసారి మాస్టారు వాచీ వైపు చూడలేదు. ఎదుటి మనిషి భుజం వైపు చూశారు, అది ఎటు కదులుతుందో ముందే తెలిసినట్టు. కరీముల్లా లాగారు. పక్కకు తిరిగి లాగారు. కుర్చీ కీచుమంది, బల్ల మీది అద్దం గలగలమంది. చెయ్యి మాత్రం రాలేదు.

"కూత పెట్టకుండానే వచ్చారు సాయిబు గారూ. మీరు ఎప్పుడో అవుట్" అని అంకమ్మరావు నవ్వి వదిలేశారు.

ఆదివారం వాళ్లలో ఒక్కొక్కడికీ చెయ్యిస్తానన్నారు. ముఖ్యంగా పోలీసు శాఖలో చేరి పొట్ట పెంచిన వాడొకడున్నాడట, వాడికి ముందు ఇస్తానన్నారు. చిన్న వాచీ తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని ఎండలోకి నడిచారు. ఆ చెయ్యి సన్నగానే ఉంది. వాచీ మాత్రం ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు కూర్చుంది.

కెజియా చాలాసేపు ఆ వైపే చూసింది. తర్వాత, ఆయన మనసు నొచ్చుకోకుండా ఉండాలనే గురువు గారు చెయ్యి విడిపించుకోలేదా అని అడిగింది.

కరీముల్లా తన మణికట్టును బల్ల దీపం కిందికి జరిపారు. నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు, ఎర్రగా, విడివిడిగా అచ్చుపడి ఉన్నాయి.

"నువ్వు చెప్పిన కొలత సరైందేనమ్మా" అన్నారు. "మిగతాది ఇక్కడుంది."