వరహాలమ్మ కట్టిన రాజుగారి పటం

అనగనగా అనేలోపు అయిపోయేంత చిన్న కథ ఇది.

చిలకంపేట అని ఒక ఊరుండేది. ఆ ఊరి కరణంగారు నిద్రలో కూడా మీసం దువ్వుకునేవారు. ఆ సంగతి ఆయన భార్య ఎవరికీ చెప్పలేదు. కనుక ఊరందరికీ తెలుసు. వారి ఎదురింటివారి మాట మనకెందుకు, రోజూ చెప్పుకునేదే. కథకు వద్దాం.

ఆ ఊళ్ళో బొమ్మలకు చెక్క చట్రం బిగించి పటాలు కట్టేవారు ముగ్గురు. బంగారయ్యది పెద్ద అంగడి. పోలినాయుడిది పెద్ద గొంతు. వరహాలమ్మది చిన్న కొట్టు. ఆమె కూర్చుంటే వచ్చినవారు నిలబడాలి.

ఒకనాడు రాజు జగపాలుడు గుడ్డమీద తన బొమ్మ రాయించుకున్నాడు. బొమ్మ పన్నెండు మూరల పొడవు, ఎనిమిది మూరల ఎత్తు. రాజుగారు మూడున్నర మూరలు.

"ఒకరి తరువాత ఒకరు కట్టండి. దీన్ని నా కొలువుకూటంలో నిలబెట్టినవారి అంగడి వారిది. నిలబెట్టలేనివారి అంగడి నాది" అన్నాడు రాజు ఆ ముగ్గురినీ పిలిపించి.

బంగారయ్య తన అంగడిలోనే పటం కట్టాడు. కట్టాక చూస్తే గుమ్మం వెడల్పు మూడు మూరలు. పటం లోపల, మోసుకెళ్ళే భటులు బయట. అంగడి పోయింది. బంగారయ్య అల్లుడి ఇంట చేరాడు. అల్లుడు చిక్కిపోయాడు.

పోలినాయుడు పగలబడి నవ్వి, కోట ముంగిట ఆరుబయట కట్టాడు. కొలువుకూటం గుమ్మం దగ్గర పటం ఇరుక్కుంది. "లాగండిరా!" అని అరిచాడు. లాగారు. నాలుగు మూలలూ విడిపోయాయి. గుడ్డ దక్కింది, అంగడి పోయింది.

ఇక వరహాలమ్మ వంతు. ఆ కొట్టు తల్లి ఇచ్చినది. అది పోతే ఆమెకు నిలవ నీడ లేదు. అయినా ఆమె బొమ్మ వంక చూడనైనా లేదు. మూరకర్ర పుచ్చుకుని తన గుమ్మం కొలిచింది. సందు మలుపు కొలిచింది. కొలువుకూటం గుమ్మం కొలిచింది.

"ఏమ్మా వరహాలూ, పటం కట్టమంటే గుమ్మాలు కొలుస్తావేం? తోరణాలు కడతావా?" అన్నాడు పోలినాయుడు.

"బొమ్మ ఎంతో రాజుగారు చెప్పారు బాబాయ్. గుమ్మం ఎంతో ఎవరూ చెప్పలేదు."

ఆమె చట్రానికి పొడవాటి చెక్క కమ్మీలను ముక్కలు చేసి, ఒకదానిలో ఒకటి దూరేలా చెక్కింది. ఒక్కో మూలా బిగించి చూసింది. మూడో మూలలో వెంట్రుకంత సందు వచ్చింది. మళ్ళీ కోసింది. మళ్ళీ వచ్చింది. అరచేతులు బొబ్బలెక్కినా మూడోసారీ కోసింది. సందు పోయింది.

అన్నీ ఊడదీసి, గుర్తులు పెట్టి, మోపుగా కట్టి, గుడ్డను చాపలా చుట్టి కోటకు నడిచింది. కొలువుకూటంలోనే ముక్కలు కూర్చి, చీలలు దిగగొట్టి, గుడ్డ బిగించింది. పటం గోడకు నిలబడింది.

"భళా!" అన్నాడు రాజు. కొట్టు వరహాలమ్మదే అయింది.

మర్నాడు రాజు సింహాసనం ఎక్కి, "నా రాజ్యంలో ఆకలన్నదే లేదు" అనబోయాడు. ఎదురుగా గుమ్మడికాయలంత తన కళ్ళు తననే చూస్తున్నాయి. తన కళ్ళ ముందే అబద్ధమాడలేక సింహాసనం దిగిపోయాడు. ఆనాటి నుంచి కొలువు గుర్రపుశాల వసారాలో జరుగుతోంది. కూటంలో పటం ఒక్కటే ఉంటోంది.

కనుక పిల్లలూ, పెద్ద పనికి పెద్ద అంగడి అక్కర్లేదు. దారి ముందుగా కొలుచుకునే బుద్ధి, మూడోసారీ కోసే పట్టుదల ఉంటే చాలు.