అక్క చూడని వీపు

ఒకప్పుడు చందమామకి వీపుండేది. నవ్వకండి. ఇప్పుడు లేదని కాదు, ఇప్పుడూ ఉంది. కాకపోతే అప్పట్లో అది కనబడేది. ఈ రోజున మీరు డాబా ఎక్కి మెడ పట్టేసేదాకా చూసినా కనబడదు. మీ తాతకీ కనబడలేదు, ఆయన తాతకీ కనబడలేదు. ఎందుకు కనబడదంటే దాని వెనక ఒక కోపం ఉంది. ఒకటి కాదు, రెండు కోపాలు. ఒకటి అక్కది, ఇంకోటి తమ్ముడిది.

అక్క ఎవరని అడుగుతారేం? చందమామని మామ అని పిలుస్తున్నారు కదా. మామంటే అమ్మ తమ్ముడు. మనందరికీ అమ్మ భూమి. మరి చందమామ ఆవిడకి తమ్ముడు కాక ఇంకేమవుతాడు? ఈ మాత్రం వరస తెలియకుండానే పుట్టిన దగ్గర్నుంచి మామా మామా అని పిలిచేస్తున్నారు.

సరే, వినండి. ఆ రోజుల్లో ఆవిడకి ఇంకా పిల్లల్లేరు. మనం లేము, ఆవుల్లేవు, చీమల్లేవు. ఉన్నదల్లా తమ్ముడొక్కడే. వాడి పేరు చందురుడు. ఇప్పుడున్నంత దూరంలో ఉండేవాడు కాదు, చెయ్యి చాస్తే అందేటంత దగ్గర్లో అక్క చుట్టూ తిరుగుతుండేవాడు.

ఊరికే తిరిగితే వాడు వాడెందుకవుతాడు? ఒక పక్క అక్క చుట్టూ తిరుగుతూనే, ఇంకో పక్క తనలో తాను బొంగరంలా గిరగిరా తిరిగేవాడు. ఇప్పుడు మొహం కనబడితే మరుక్షణం చెవి, ఆ తర్వాత వీపు, మళ్ళీ మొహం. కుదురన్నది వాడి ఒంట్లోనే లేదు.

వాడికి తలంటి పొయ్యడం అక్క పని. సముద్రాన్ని దోసిట్లోకి ఎత్తి, నురగ పట్టించి, ముందు తల, తర్వాత మెడ, చివరికి వీపు రుద్దేది. ఎవరి వీపు వాళ్ళకి అందదు కదా, దానికి ఇంకో మనిషి కావాలి. వాడికున్న ఆ ఇంకో మనిషి ఆవిడే. మండుతోందక్కా అని వాడు మెలికలు తిరిగిపోయేవాడు. ఆవిడ ఒక్కటి చరిచి మళ్ళీ రుద్దేది. ఆ వీపు ఎంత నున్నగా ఉండేదో. వెతికినా ఒక్క మచ్చ దొరికేది కాదు.

అప్పట్లో ఆకాశం ఇంత శుభ్రంగా లేదు. సూర్యుడి ఇల్లు కట్టగా మిగిలిన రాళ్ళన్నీ ఎక్కడ పడితే అక్కడ ఎగురుతుండేవి. ఎత్తి పారేసే నాథుడు లేడు. ఏ రాయి ఎప్పుడొచ్చి ఎవరి నెత్తిన పడుతుందో తెలిసేది కాదు. భూమికేమో ఒళ్ళింకా కాలుతూనే ఉంది. ఆ వేడి కొంచెం కొంచెం చల్లార్చుకుని, పల్లాల్లో నీళ్ళు నింపుకుని, ఎన్నో యుగాలు ఓపిక పట్టి, ఒక నీటిగుంట ఒడ్డున అరచేతి వెడల్పున పచ్చటి పాచి పెంచుకుంది.

మీకు పాచంటే కాలు జారే వస్తువు. ఆవిడకి అది మొదటి పచ్చదనం. ఊపిరున్న మొదటి బిడ్డ. ఎండెక్కితే మబ్బు అడ్డం పెట్టేది, ఎండిపోతుందంటే వాన చిలకరించేది. రోజంతా దాన్నే చూసుకుంటూ కూర్చునేది.

తమ్ముణ్ణి పిలిచి ఒక్క పని చెప్పింది. పైనే తిరుగుతుంటావు కదా, రాయి వస్తుంటే ఒక కేక వెయ్యి, గుంట ఉన్న పక్కని నేను అవతలికి తిప్పుకుంటాను అంది. వాడు సరే అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ గిరగిరా తిరిగేవాడికి ఏం కనబడుతుంది? ఏది రాయో ఏది చుక్కో వాడికే తెలియదు.

ఒకరోజు రాయి వచ్చింది. కొండంత రాయి. వాడి మొహం అటు తిరిగేసరికి అది పక్కనుంచి దూసుకుపోయింది. వాడు కేక వేశాడు, వెయ్యలేదని కాదు. ఆ కేక వినబడేలోపే రాయి సరిగ్గా ఆ గుంటలో పడింది. నీళ్ళు ఆవిరైపోయాయి. పాచి మాడి మసైపోయింది.

భూమికి కోపం వచ్చింది. మీ అమ్మకి వచ్చేలాంటి కోపం కాదు. కొండలు పగిలి లోపలి నిప్పంతా బైటికొచ్చింది, సముద్రాలు కుతకుత ఉడికాయి. నిన్ను నమ్మడం నాదే బుద్ధి తక్కువంది. ఒక్క పని, ఒకే ఒక్క పని చెబితే అదీ చేతకాలేదంది. ఎన్ని యుగాలు పెంచానో నీకేం తెలుసు, ఆడుకోవడం తప్ప నీకేం తెలుసంది. వాడు తలొంచుకుని విన్నాడు. వాడికీ ఏడుపొస్తోంది. తప్పయిపోయిందక్కా అని చెబుదామని నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే వీపు ఇటు తిరిగింది. వాడి ఖర్మ కాకపోతే ఏమిటి? తిట్లు ఇంకా సగంలో ఉన్నాయని తిరిగే ఒళ్ళు ఆగుతుందా? మొహం అటు పోయింది, వీపు అక్క ఎదురుగా వచ్చి నిలిచింది.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు తిడుతుంటే ఒకసారి వీపు తిప్పి చూడండి ఏమవుతుందో. చెప్పిన పని చెయ్యకపోయినా ఓర్చుకుంటారు, అబద్ధమాడినా ఓర్చుకుంటారు, మాట్లాడుతుంటే వీపు తిప్పితే మాత్రం ఓర్చుకోరు.

"నేను మాట్లాడుతుంటే నాకు వీపు చూపిస్తావా?" అంది భూమి.

నేను చూపించట్లేదక్కా, అదే తిరుగుతోందని వాడు చెప్పాడు, మొహం అటుండగానే. ఆవిడకి సగమే వినబడింది. ఆ సగం ఎదురు సమాధానంలా వినబడింది. కోపంలో ఉన్నవాళ్ళ చెవులు అలాగే ఉంటాయి.

ఆవిడ రెండు చేతులూ చాచి వాడి బుగ్గలు పట్టుకుంది. ఆ పట్టు మీకూ తెలుసు. ఎగరేసిన బంతిని మళ్ళీ నేలకి దింపుతుందే, కొమ్మ మీదినుంచి జారిన కాయని కిందికి లాగుతుందే, అదే. వాడి ఒళ్ళు ఇంకా తిరగాలని గుంజుకుంది. ఆవిడ వదల్లేదు. తిరుగుడు నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, చివరికి మొహం ఆవిడ ఎదురుగా వచ్చి ఆగిపోయింది. ఆవిడ వేళ్ళు పడ్డచోట బుగ్గలు నల్లగా కమిలిపోయాయి.

"ఇంకోసారి నీ వీపు నాకు చూపించావంటే నువ్వు నా తమ్ముడివే కాదు."

అనేసింది. చూడండి, కోపమొస్తే మనమందరం నీ మొహం నాకు చూపించకు అంటాం. ఆవిడా ఆ మాటే అని ఉంటే ఎంత బాగుండేది. వాడు రెండు రోజులు మొహం చాటేసి, మూడోరోజు ఆకలేసి తిరిగొచ్చేవాడు. ఏ ఇంట్లో తమ్ముడైనా చేసేది అదే. ఆవిడ మొహం అనాల్సిన చోట వీపు అంది. ఆ ఒక్క మాటతో వచ్చింది ఈ తంటా అంతా.

అప్పుడొచ్చింది చందురుడికి కోపం. తిట్టినందుకు రాలేదు, బుగ్గలు కమిలినందుకూ రాలేదు. చెయ్యని తప్పుకి తమ్ముడివే కాదందని వచ్చింది.

"సరేనక్కా, ఇక చూపించను" అన్నాడు.

వీడి మొహం, వీడెన్నాళ్ళు నిలబడతాడులే అనుకుంది అక్క. చుట్టూ తిరిగేవాడు వీపు కనబడకుండా ఎలా తిరుగుతాడని ఆవిడ ధీమా.

మీకూ అదే అనుమానముంటే మీ అక్కని గది మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మొహం ఆవిడ వైపే ఉంచి చుట్టూ నడవండి. ఒక చుట్టు పూర్తయ్యేసరికి మీ కళ్ళెదురుగా నాలుగు గోడలూ వచ్చిపోతాయి. అంటే మీలో మీరు కూడా ఒకసారి తిరిగినట్టే. ఆవిడకి మాత్రం మీ వీపు కనబడదు. చందురుడు చేసిందీ అదే. అక్క చుట్టూ ఒక్క చుట్టు, తనలో తాను ఒకే ఒక్క తిరుగుడు. రోజుకొక నక్షత్రం చొప్పున ఇరవై ఏడూ దాటి వచ్చేసరికి చుట్టూ అయిపోయేది, తిరుగుడూ అయిపోయేది. మరీ ఉక్కగా అనిపిస్తే తల కాస్త అటూ ఇటూ ఊపేవాడు. అప్పుడు చెవుల వెనక కొంచెం కనబడేది. వీపు మాత్రం ఎన్నడూ చూపించలేదు.

ఇలా యుగాలు గడిచాయి. ఇంకో గుంట ఒడ్డున మళ్ళీ పాచి మొలిచింది. భూమికి కోపం చల్లారింది, తమ్ముడి మీదికి మనసు మళ్ళింది. సముద్రాన్ని పైకెత్తి, వెనక్కి తిరగరా, వీపు రుద్దుతానంది. వాడు తిరగలేదు. నువ్వేగా చూపించొద్దన్నావన్నాడు.

ఆవిడకి మళ్ళీ మండింది. ఎప్పుడో కోపంలో అన్న మాట పట్టుకుని అక్కనే సాధిస్తావా అని కేకలేసింది. రుద్దకపోతే దురద నీకేగానీ నాకేం పోయిందంది. వాడు ఏడాదికి రెండు వేళ్ళ మందాన వెనక్కి జరగడం మొదలుపెట్టాడు. రెండు వేళ్ళంటే ఎంతని ఆవిడ గమనించనే లేదు. మాటల్లేవు, తలంట్లు లేవు. ఇద్దరూ ఎదురెదురుగా మొహాలు పెట్టుకుని ఒకరి మీద ఒకరు కోపంగా ఉన్నారు.

ఒకటి మాత్రం ఆవిడకి వింతగా ఉండేది. రాళ్ళు మునుపటిలా పడటం లేదు. ఆకాశం తనంతట తనే శుభ్రపడిందనుకుంది. పాచి గుంట దాటి పాకింది, రాళ్ళ మీదికెక్కింది, మొక్కయింది. ఆ పచ్చదనాన్ని చూసుకుంటూ ఆవిడ రోజులు గడిపేసింది.

అప్పుడొచ్చింది తోకచుక్కవ్వ. డెబ్బై ఎనభై ఏళ్ళకోసారి ఆ దారిన పోయే ముసలావిడ. తెల్లజుట్టు విరబోసుకుని వస్తుంది, సూర్యుడి దాకా పోయి వెనక్కి పోతుంది. దారిలో ఎవరింట్లో ఏం జరిగిందో అన్నీ ఆవిడకి కావాలి. ఆ ఏడు చందురుడి వెనక పక్కనుంచి వచ్చింది. భూమిని చూసి కుశలం అడగలేదు, వస్తూనే తిట్టింది.

"తమ్ముడి వీపు చూసి ఎన్నాళ్ళయిందే? నీకు చూపించొద్దన్నావట. అందుకని వాడు రాళ్ళకి చూపిస్తున్నాడు."

భూమికి అర్థం కాలేదు. అవ్వే విడమరిచి చెప్పింది. ఇటు రావాల్సిన రాళ్ళు ఎన్నో ఆ వీపు మీద పడ్డాయట. గుంట పక్కన గుంట, గుంటలో మళ్ళీ గుంట, వేలు పెట్టడానికి చోటు లేదట. మొహం నున్నగా ఉందని వాడు బాగానే ఉన్నాడనుకుంటున్నావు, నీలాంటి అక్కని ఎక్కడా చూళ్ళేదంది. అని, జుట్టు ఒక్కసారి విదిలించి వెళ్ళిపోయింది.

భూమికి అంత కోపం అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. రాళ్ళ మీద కోపం. ఒక్క మాటైనా చెప్పనందుకు తమ్ముడి మీద కోపం. అన్నిటికన్నా ఎక్కువ తన నోటి మీద కోపం. ఆ మాటన్న నోటిని ఏం చెయ్యాలో ఆవిడకి తెలియలేదు.

"ఒరే చందురూ, తప్పు నాదిరా. ఒక్కసారి తిరుగు, నీ వీపు చూస్తాను" అంది.

నిజానికి వాడి కోపం పోయి చాలా కాలమైంది. పోయిందని చెప్పడానికి రోషం అడ్డొచ్చింది, అంతే. ఇప్పుడు ఆ రోషం కూడా పోయింది. తిరుగుదామనే చూశాడు. ఒళ్ళు కదల్లేదు.

"తిరగలేనక్కా. ఆ రోజు నువ్వు పట్టుకున్న పట్టు ఇంకా వదల్లేదు" అన్నాడు.

ఆవిడ చూసుకుంది. నిజమే. తిట్టినరోజు పట్టుకున్న బుగ్గలు ఇంకా తన చేతుల్లోనే ఉన్నాయి. ఇంతేనా, వదిలేస్తే సరి అనుకుని వేళ్ళు సడలించింది. వాడు తిరగలేదు, జారాడు. వాడి వెనకంతా చీకటి, ఎక్కడ ఆగుతుందో తెలియని చీకటి. వాడు అందులోకి కొట్టుకుపోబోతుంటే ఆవిడ గబుక్కున మళ్ళీ పట్టుకుంది. ఆ కుదుపుకి కొండలు వణికాయి.

అప్పుడు తెలిసింది ఆవిడకి. పట్టు వదలకపోతే వీపు కనబడదు. వదిలితే తమ్ముడే మిగలడు. కోపంతో పట్టుకున్న పట్టూ, వాణ్ణి పోకుండా ఆపుతున్న పట్టూ ఒకటే. అందులో సగం ఉంచుకుని సగం వదలడం కుదరదు.

వీపు మండుతోందక్కా, నీళ్ళయినా అందుతాయేమో చూడమన్నాడు చందురుడు. ఆవిడ సముద్రాన్ని ఎత్తింది. ఒడ్డు మునిగిపోయేదాకా ఎత్తింది. అందలేదు. ఏడాదికి రెండు వేళ్ళ చొప్పున వాడు ఎంత దూరం జరిగాడో అప్పటికిగానీ ఆవిడకి తెలియలేదు. దించి, కాసేపాగి, మళ్ళీ ఎత్తింది.

అప్పటినుంచే చందమామ మనకి ఆ ఒక్క మొహమే చూపిస్తాడు. పౌర్ణమినాడు చూడండి, బుగ్గల మీద అక్క వేళ్ళ గుర్తులు ఇంకా నల్లగా కనబడతాయి. సముద్రం రోజుకి రెండుసార్లు వాడి కోసం లేస్తుంది, దాన్ని పోటు అంటారు. అందక మళ్ళీ పడిపోతుంది, దాన్ని పాటు అంటారు. ఒడ్డున నిలబడితే వినబడే ఆ హోరంతా అక్క కోపమే. తమ్ముడి మీద కాదు, తన మీద. ఆ వీపు ఆవిడ ఇప్పటికీ చూడలేదు.