నెర్రలోకి దిగిన తిప్పక్క

ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, కొట్టనివాళ్ళు ఊరికే వినండి. మన అవ్వల అవ్వలు ఇంకా ఊయల్లో ఉన్న కాలం. ఎర్రకొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో తిప్పక్క అని ఒకామె ఉండేది.

తిప్పక్కకి పొలం లేదు, పశువు లేదు. ఒక విసుర్రాయి ఉంది. ఇంటింటి జొన్నలూ విసిరిపెట్టేది. వాళ్ళిచ్చిన పిండితో సంగటి చేసుకుని తినేది. అంతే ఆమె బతుకు.

ఆ ఊళ్ళో బలానికి ఒకటే కొలత. ఉగాది రోజు రాతిగుండును భుజం మీదికి ఎత్తినవాడే బలవంతుడు. గుండెత్తేవాళ్ళకి ఊరంతా నెయ్యి పోసేది, పాలు పోసేది, బెల్లం పెట్టేది. వాళ్ళు తిని తిని గాదెల్లా తయారయ్యేవాళ్ళు. ఎంత లావైతే అంత బలమని ఊరి నమ్మకం. వెన్న తీసేది ఆడవాళ్ళు, నెయ్యి తాగేది ఆ మొనగాళ్ళు. మాకేదీ అని అడిగితే, "మీకెందుకు బలం?" అనేవాళ్ళు. ఎందుకో చెప్తాను వినండి.

ఒక ఏడు తిప్పక్కకి జ్వరమొచ్చింది. జ్వరం పోయింది గానీ పోతూ పోతూ ఒంట్లో సత్తువంతా పట్టుకుపోయింది. విసుర్రాయి పిడి పట్టుకుని తిప్పితే రాయి కదల్లేదు. జొన్నలు తెచ్చినవాళ్ళు జొన్నలు వెనక్కి తీసుకుపోయారు. తిప్పక్క ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీదుకుని లేచింది.

"నా ఒంటిని నేను మోయలేకపోతే ఇంకేం మోస్తాను?" అనుకుంది.

గోడకి రెండు అరచేతులూ ఆనించింది. ఒళ్ళు గోడ మీదికి వంచింది, వెనక్కి తోసింది. వంచింది, తోసింది.

గుండెత్తేవాళ్ళలో మొనగాడు బసప్ప అటు పోతూ చూశాడు. "ఏం తిప్పక్కా, గోడ పడిపోతుందని పట్టుకున్నావా?"

"గోడ బాగానే ఉందప్పా. పడిపోయేది నేనే."

కొన్నాళ్ళకి గోడ తేలికైంది. అరుగు మీద చేతులు ఆనించి, ఒళ్ళు వంచింది, తోసింది.

బసప్ప మళ్ళీ చూశాడు. "ఏం తిప్పక్కా, అరుగు యాడికన్నా పారిపోతుందా?"

"పారిపోదు. అందుకే దాన్ని నమ్ముకున్నా."

కొన్నాళ్ళకి అరుగూ తేలికైంది. అప్పుడిక నేల. అరచేతులూ కాలివేళ్ళూ తప్ప మరేదీ ఆనకుండా దండీలు తీసింది. గుంజీళ్ళు తీసింది. దూలానికి వేలాడి ఒళ్ళు పైకి లాక్కుంది.

బసప్ప ఈసారి నిలబడి నవ్వాడు. "ఏం తిప్పక్కా, నేల మీద ఏం పోగొట్టుకున్నావు?"

"బలం పోగొట్టుకున్నానప్పా. కొంచెం కొంచెం దొరుకుతోంది."

విసుర్రాయి మళ్ళీ గిర్రున తిరిగింది. తిప్పక్క ఒంట్లో ఎక్కడా కొవ్వు లేదు. చేతులు పేనిన మోకుల్లా బిగిశాయి, పొట్ట పలకలా చదునైంది. ఊరికి అది కనబడిందా? లేదు. "అయ్యో పాపం, ఇంకా కండ పట్టలేదు" అని జాలిపడింది.

సీతాఫలాల కాలం వచ్చింది. పిల్లలంతా కొండెక్కారు. కొండ మీద ఒక నెర్ర ఉంది. రెండు పెద్ద బండల మధ్య లోతైన చీలిక. పైన ఇరుకు, లోపల చీకటి. వాన పడితే కొండ నీళ్ళన్నీ అందులోకే దిగుతాయి. బసప్ప కూతురు నీలి పండు కోయబోయి కాలు జారి ఆ నెర్రలో పడింది.

ఊరు ఊరంతా పరిగెత్తింది. లోపలినుంచి "నాయనా, నాయనా" అని ఏడుపు. పైన చూస్తే నల్లటి మబ్బు కొండ మీదికే వస్తోంది. మోకు వేశారు. పసిదానికి కట్టుకోవడం తెలీలేదు, పైకి లాగబోతే బండ అంచుకి ఒరుసుకుని మోకే తెగింది. ఎవరో ఒకరు దిగాల్సిందే.

మొదట బసప్ప దిగబోయాడు. భుజాలు పట్టలేదు. తర్వాత అతని తమ్ముడు దిగబోయాడు. పొట్ట ఇరుక్కుంది, నలుగురు పట్టి లాగారు. తర్వాత బక్కపలచటి తలారి దిగాడు. సందు పట్టింది గానీ నాలుగు జానలు దిగేసరికి పట్టు తప్పింది, అతన్నీ పైకి లాగారు. ఊళ్ళో సన్నటివాళ్ళు లేరా? ఉన్నారు. దిగినవాడు మళ్ళీ ఎక్కాలి కదా!

జనాన్ని తోసుకుని తిప్పక్క వచ్చింది. చీర గోచీ పోసి బిగించింది.

"నీ వల్ల కాదు తిప్పక్కా, నువ్వూ పోతావు" అన్నాడు బసప్ప.

"నా ఒంటిని నేను మోయలేకపోతే ఇంకేం మోస్తాను? జరుగప్పా."

వీపు ఒక బండకి, పాదాలు ఇంకో బండకి ఆనించి దిగింది. కొంచెం జారింది, తన్నిపట్టింది. కొంచెం జారింది, తన్నిపట్టింది. అడుగున నీలి దోక్కుపోయిన చేయి పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమ్మే నీలీ, సీతాఫలం దొరికిందా?"

"చితికిపోయిందత్తా."

"పోనీలే, ఇంకోటి కోసిస్తా. నా ఎదకి కరుచుకో, కోతిపిల్లలాగ."

పైటచెంగుతో పిల్లను ఎదకి కట్టుకుంది. ఎక్కడం మొదలుపెట్టింది. అప్పుడే వాన దిగింది. బండలు నున్నగా తడిశాయి. సగం దూరంలో కాలు జారింది. రెండు అరచేతులే ఆధారం. పైన ఊరంతా ఊపిరి బిగబట్టింది. బసప్ప పెళ్ళాం నోట్లో కొంగు కుక్కుకుంది.

"నా ఒంటిని నేను మోయలేకపోతే ఇంకేం మోస్తాను?" అంది తిప్పక్క పళ్ళ బిగువున. పాదం బండను వెతికింది. దొరికింది. తోసింది. ఎక్కింది. తోసింది. ఎక్కింది.

మొదట వేళ్ళు కనబడ్డాయి. అంచు మీద అరచేతులు ఆనాయి. మోచేతులు నిటారుగా లేచాయి. తడిసిన తల, తల కింద పసిదాని ముఖం.

"తిప్పక్క పైకొచ్చింది!" అని అరిచింది ఎవరో ముసలమ్మ.

బసప్ప పెళ్ళాం పిల్లను లాక్కుంది. ఊరంతా ఉన్నచోటనే బురదలో కూలబడింది. కొందరు ఏడ్చారు, కొందరు నవ్వారు, చాలామంది రెండూ చేశారు. వాన కొడుతూనే ఉంది, ఒక్కరూ లేవలేదు. నెర్రలో నీళ్ళు గలగలా దిగుతుంటే చెవులారా విన్నారు. లోపల ఎవరూ లేరు కదా, ఎంతైనా దిగనీ!

మర్నాడు పొద్దున్నే బసప్ప నేతికుండ పట్టుకుని వచ్చాడు. "ఇది నీకే తిప్పక్కా."

"నీలికి పెట్టు, దాని తల్లికి పెట్టు. నువ్వు మాత్రం ఇట్లా గోడ దగ్గరికి రా."

వచ్చాడు. గోడకి చేతులు ఆనించాడు. వంచి తోసేసరికి అంతటి మొనగాడికీ ఆయాసమొచ్చింది. తిప్పక్క నవ్వలేదు. "మెల్లగా అప్పా, గోడ యాడికీ పోదు" అంది. ఆ వెనకే ఆడవాళ్ళు వచ్చారు. ఆ ఏటినుంచి ఏ ఇంట్లో కాచిన నెయ్యి ఆ ఇంట్లో అందరి కంచాల్లోకీ వచ్చింది.

తిప్పక్క పండు ముసలిదై కన్నుమూసింది. ఆఖరి పొద్దు దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండానే లేచి నిలబడిందంటారు.

ఇప్పటికీ సీతాఫలాల కాలంలో ఆ ఊరు కొండెక్కుతుంది. కొబ్బరికాయ కొట్టరు, కర్పూరం వెలిగించరు. నెర్ర పక్కన చేతులు ఆనించి, ఒళ్ళు దించి లేపుతారు. చాతనైనవాళ్ళు నేల మీద, కానివాళ్ళు నిలువుబండ మీద. పెళ్ళయి వచ్చిన కొత్త కోడలిక్కూడా మినహాయింపు లేదు.

ఇంకొకటి కూడా ఉంది. కాన్పు గదిలోంచి బిడ్డ ఏడుపు వినబడినప్పుడు, ఎండిపోయే పైరుకు వాన అందినప్పుడు, జ్వరంతో కాలే ఒంటికి చెమట పట్టినప్పుడు, ఆ ఊరివాళ్ళు ఎదమీద చెయ్యేసుకుంటారు. బిగబట్టిన ఊపిరంతా వదిలి, పక్కవాళ్ళకి ఒక్క మాట చెప్తారు.

"తిప్పక్క పైకొచ్చింది."