కుమ్మరి పురుగూ, రత్తమ్మ పొట్లతీగా

అనగనగా ఒక ఊళ్ళో రెండిళ్ళు ఉండేవి అమ్మడూ. రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు మట్టిగోడ. గోడకి ఈ పక్క రత్తమ్మ, ఆ పక్క మస్తానమ్మ. ఇద్దరికీ జుట్టు నెరిసింది గానీ నోళ్ళు మాత్రం నెరవలేదు. పొద్దు వాలితే చాలు, గోడ మీద మోచేతులు ఆనించి కబుర్లు మొదలుపెట్టేవాళ్ళు.

ఏం కబుర్లంటావా? ఎండాకాలం కదా, ముందు ఎండల కబుర్లు.

"ఏం ఎండలు వదినా! బిందె ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది," అనేది మస్తానమ్మ.

"మా కోడిపెట్టయితే నీళ్ళకుండ పక్కనే కాపురం పెట్టింది. లేవమంటే నా మీదకి కళ్ళెర్రజేస్తోంది," అనేది రత్తమ్మ.

ఆ తర్వాత పురుగుల కబుర్లు. వంకాయలో పుచ్చు, బెండకి పేనుబంక, గోంగూర నిండా చిల్లులు. ఎవరి పెరట్లో పురుగు ఎక్కువుంటే ఆ పూటకి వాళ్ళదే పైచెయ్యి. నవ్వకు, అది కూడా ఒక పోటీయే వాళ్ళకి.

కానీ ఆ ఏడు రత్తమ్మ నవ్వడం తగ్గించింది. ఎందుకో చెబుతా విను.

రత్తమ్మ పుట్టిన రోజే వాళ్ళమ్మ కన్నుమూసింది. రత్తమ్మ అమ్మ ముఖం ఎరగదు. ఫొటో లేదు, చీరముక్క లేదు. ఉన్నదల్లా పొట్ల గింజలు. కడుపుతో ఉన్నప్పుడు ఆవిడ ఒక పొట్లకాయని ముదరబెట్టి, గింజలు తీసి, బూడిదలో కలిపి, పాతగుడ్డలో మూటగట్టి చూరులో దోపిందట. "పుట్టేవాళ్ళు తింటారు," అందట. ఆ గింజల్ని రత్తమ్మ మేనత్త ఏటా నాటి, ఏటా విత్తనం కట్టి, రత్తమ్మ కాపురానికి వచ్చేటప్పుడు చేతిలో పెట్టింది. అప్పట్నుంచీ రత్తమ్మా అంతే. ఏటా నాటేది, ఏటా కట్టేది.

అయితే పోయినేడు గాలివానకి పందిరి కూలిపోయింది. ముదరకుండానే కాయలన్నీ కుళ్ళాయి. పాత మూట అడుగున మిగిలిన నాలుగు గింజలూ ఈ ఏడు నాటితే ఒకే ఒక్కటి మొలిచింది. ఆ తీగ పందిరెక్కింది. దాని తెల్లటి పువ్వులుంటాయే, అంచుల్లో దారాలు అల్లినట్టుంటాయి, అవి పూసింది. ఒక్క కాయ నిలిచింది. రత్తమ్మ దానికి విత్తనం కాయ అని పేరుపెట్టి, వంకర తిరక్కుండా కొసకి చిన్న రాయి కట్టింది. అది పండితేనే అమ్మ విత్తనం ఉంటుంది. ఎండిపోతే ఇంకెక్కడా లేదు.

అప్పుడు పురుగు పడింది. ఆకుపచ్చ పురుగు. నడిచేటప్పుడు వీపు ఎత్తి, దించి, ఎత్తి, దించి, ఆకుని జానతో కొలుస్తున్నట్టు పోతుంది. కొలిచినంత మేరా తినేస్తుంది.

రత్తమ్మ తెల్లారగట్ల ఆకుల మీద బూడిద చల్లింది. పురుగులు బూడిద పూసుకుని మరీ తిన్నాయి. ఆ తర్వాత పుల్లమజ్జిగ చిలకరించింది. తాగి తిన్నట్టున్నాయి, ఇంకా లావెక్కాయి. ఆ తర్వాత కళ్ళజోడు పెట్టుకుని చేత్తో ఏరింది. ఆకు రంగూ పురుగు రంగూ ఒకటే, ఏరినవాటికంటే ఏరనివే ఎక్కువ. పందిరి కింద నిలబడి తలెత్తితే ఆకుల్లోంచి ఆకాశం కనపడుతోంది. ఆకు లేకపోతే కాయ పండేదెట్లా? రత్తమ్మకి గుండెల్లో రాయి పడింది.

"మీ అన్నయ్య పత్తికి కొట్టే మందు ఇంట్లో కొంచెం ఉంది వదినా," అంది మస్తానమ్మ గోడ మీంచి. "ఎల్లుండి పొద్దున్నే తెచ్చి కొడతా. ఒక్క పురుగు మిగిలితే నన్నడుగు."

"తినే కాయ కాదుగా, విత్తనానికేగా. అట్టాగే కానీ వదినా," అంది రత్తమ్మ.

ఆ రోజుల్లోనే రత్తమ్మ ఇంటి ద్వారబంధం మీదకి ఒక కుమ్మరి పురుగు వచ్చింది. కందిరీగ జాతిదే. నడుం దారమంత సన్నం. కుమ్మరికి చక్రం ఉంటుంది, మట్టి తొక్కడానికి మనిషి ఉంటాడు. దీనికి రెండు దవడలు తప్ప ఏమీ లేవు. తడిమట్టి ఉండ తెచ్చి, జుయ్యిమని పాడుకుంటూ, గుండ్రంగా రేగుపండంత కుండ చేసింది. దానికి మూతి కూడా పెట్టింది!

ఆ ఊళ్ళో ఒక మాట ఉంది. కుమ్మరి పురుగు ఎవరింట్లో గూడు కడితే వాళ్ళింట్లో పాప పుడుతుందని. మస్తానమ్మ చూసి ఊరుకుంటుందా?

"ఏం వదినా, నెరిసిన జుట్టుతో ఉయ్యాల కడతావా? కాలవ కింద గేదెల్ని మేపుకుంటున్న మా అన్నయ్యకి కబురుచెయ్యనా?"

"నీ నోరు పడ! అది కుట్టిందంటే నిన్నే పిలుస్తా మందు రాయడానికి," అని రత్తమ్మ చీపురు తిరగేసి ఒక్కటి కొట్టింది. కుండ పొడుంపొడుం అయిపోయింది. ఊడ్చి పారేసింది.

మర్నాటికల్లా అదే చోట అదే కుండ. ఆ ఈగకి కోపం లేదు, అలకా లేదు. మళ్ళీ మొదటి ఉండ దగ్గర్నుంచి కట్టుకొచ్చింది. రత్తమ్మకే కోపం వచ్చింది. తీగ పోతోందన్న దిగులంతా దాని మీద చూపించి, అట్లకాడతో ఊడబెరికింది. ఈసారి కుండ పగల్లేదు. ఊడి అరచేతిలో పడింది.

వెనకవైపు చిల్లు పడింది. లోపల ఏదో పచ్చగా కనపడింది. రత్తమ్మ వెలుతురులోకి తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

ఏముందనుకున్నావు? పురుగులు! తన పొట్లతీగని తింటున్న ఆ పచ్చపురుగులే! ఒకదాని పక్కన ఒకటి, డబ్బాలో కజ్జికాయలు సర్దినట్టు సర్ది ఉన్నాయి. చావలేదు. కదలడమూ లేదు. ఒళ్ళు మరిచి పడుకున్నాయి.

అప్పుడు ఇంకొకటి కనపడింది. కుండ పైకప్పు నుంచి సాలెపోగు కన్నా సన్నటి దారం. దారం కొసన నూకగింజంత గుడ్డు. రత్తమ్మ ఊపిరికి అది ఉయ్యాల ఊగింది.

రత్తమ్మ ఊపిరి బిగబట్టింది. ఆమెకి అంతా అర్థమైంది. ఆ ఈగ ఇల్లు కట్టింది, ఉయ్యాల వేసింది, పుట్టబోయే బిడ్డకి తిండి సర్దింది. తలుపు మూసి వెళ్ళిపోతుంది. బిడ్డని చూడదు. బిడ్డ తల్లిని చూడదు. అయినా బిడ్డ ఆకలితో ఉండకూడదని అంత ఎండలో అన్నిసార్లు తిరిగింది.

"పుట్టేవాళ్ళు తింటారు," అనుకుంది రత్తమ్మ. పైకే అనేసింది.

అని, గడప మీద కూలబడి, ఆ కుండ చేతిలో పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజు మొట్టమొదటిసారి ఆమెకి అమ్మ గుర్తొచ్చినట్టనిపించింది. చూడని మనిషి ఎట్లా గుర్తొస్తుందో నాకు తెలీదమ్మడూ. గుర్తొచ్చింది, అంతే.

చిల్లుకి తడిమట్టి మెత్తి, కుండని గూట్లో పెట్టింది గానీ, ఆ గుడ్డు బతకలేదు. మనిషి చేతికి అంత పనితనం ఎక్కడిది?

చెప్పిన పొద్దుకి మస్తానమ్మ మందుడబ్బా పట్టుకుని వచ్చింది. రత్తమ్మ పందిరికి అడ్డంగా నిలబడింది.

"వద్దు వదినా. మందు కొడితే పురుగులతోపాటు కుమ్మరి పురుగూ పోతుంది. మన పురుగుల్ని పట్టుకుపోయేది అదే. నా కళ్ళతో చూశా."

"మా నాయనమ్మా చెప్పేది లే. పురుగుని గూట్లో పెట్టి, జుయ్యిమని పాడి పాడి తనలాగా మార్చుకుంటుందట," అంది మస్తానమ్మ. "అయితే మాత్రం? వేలెడంత లేదు, అది ఇన్ని పురుగుల్ని ఎప్పటికి మోస్తుంది? ఈలోగా తీగ పోతే? అది మీ అమ్మ విత్తనం వదినా!"

"అమ్మ విత్తనమని నాకు తెలీదా?" అంది రత్తమ్మ. "వద్దంటే వద్దు."

మస్తానమ్మకి చిన్నతనం అనిపించింది. మందుడబ్బా పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం గోడ దగ్గరికి రాలేదు. ఎండ గురించి చెప్పుకునే మనిషి లేక రత్తమ్మకి ఎండ ఇంకా ఎక్కువగా తగిలింది.

కుమ్మరి పురుగు మాత్రం మూడోసారి మొదలుపెట్టింది. అదే ద్వారబంధం, అదే చోటు. రత్తమ్మ ఆ తలుపు కూడా మెల్లగా వేసేది. కానీ సగం కట్టాక ఈగ ఆగిపోయింది. పొట్లపాదు చుట్టూ తిరిగేది, వాలేది, లేచేది, ఉత్తినే వెళ్ళిపోయేది. ఎందుకంటే బావి అడుగంటింది. ఇంటికి ఒక్క బిందె. పాదు పగుళ్ళిచ్చింది. ఊరంతా వెతికినా ఉండకి సరిపడా తడిమట్టి లేదు.

రత్తమ్మ తను తాగే చెంబెడు నీళ్ళూ పాదులో పోసింది. పోసిన నీళ్ళు పోసినట్టే ఇంకిపోయాయి. ద్వారబంధం మీద సగం కుండ, పందిరి మీద సగం ఆకు. ఆ రాత్రి ఆమెకి అన్నం దిగలేదు.

తెల్లారి పెరట్లోకి వస్తే, చిత్రం! పాదు తడిగా ఉంది. వాన లేదు, మబ్బు లేదు. రత్తమ్మ వంగి చూసింది. గోడ అడుగున ఒక రాయి తీసేసి ఉంది. ఆ కంతలోంచి సన్నగా నీళ్ళు వస్తున్నాయి.

గోడ మీంచి తొంగిచూస్తే, అవతల మస్తానమ్మ పీట మీద కూర్చుని నమాజుకి కాళ్ళూ చేతులూ కడుక్కుంటోంది. ఆ నీళ్ళు వృథా పోకుండా, చిన్న కాలవ తీసి గోడ కిందుగా రత్తమ్మ పాదుకి మళ్ళించింది. రోజుకి అయిదు పూటలు. పూట పూటకీ చేతులు మూడుసార్లు, నోరు మూడుసార్లు, ముఖం మూడుసార్లు.

"చూస్తావేం?" అంది మస్తానమ్మ తలెత్తకుండానే. "నా మీద కోపం నీకు. ఆ ఈగకి నాతో ఏం తగాదా?"

"నాకు కోపమా? అలిగింది నువ్వు!" అంది రత్తమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత ఎండల గురించి బాకీ ఉన్న కబుర్లన్నీ ఒక్కపూటలో చెప్పేసుకున్నారు.

తడిమట్టి దొరికాక ఏమైందనుకున్నావు? ఒక్క ఈగ కాదు, ఎక్కడెక్కడివో వచ్చాయి. ద్వారబంధం మీద ఒకటి, కిటికీ మూలన ఒకటి, మస్తానమ్మ చూరు కింద ఒకటి. రత్తమ్మ పందిరి కింద కూర్చుని చూసేది. ఈగ ఆకు మీద వాలుతుంది. పురుగుని తడుముతుంది. ఒక్కసారి కుడుతుంది. తనంత పొడుగున్న పురుగుని పొట్టకి కరుచుకుని, బరువుకి కిందామీదా అవుతూ లేచిపోతుంది. ముసలాళ్ళిద్దరూ కబుర్లు కూడా మరిచి చూస్తుండిపోయేవాళ్ళు. ఆ నోళ్ళు మూతపడటం ఊళ్ళో ఎవరూ అంతకుముందు చూడలేదు.

పురుగు తగ్గింది. తీగ కొత్త ఆకు వేసింది. విత్తనం కాయ చారలు పోయి, పసుపు తిరిగి, ఎర్రబారింది.

ఒక పొద్దున రత్తమ్మ ముగ్గు వేసి లేచేసరికి ద్వారబంధం మీద గరగరమని చిన్న చప్పుడు. మూసిన కుండకి లోపల్నుంచి చిల్లు పడుతోంది. చిల్లులోంచి రెండు మీసాలు వచ్చాయి. తల వచ్చింది. దారమంత నడుం వచ్చింది. తడి రెక్కలు వచ్చాయి.

"వదినా! మస్తానమ్మొదినా! తొందరగా రా! మా ఇంట్లో పాప పుట్టింది!"

మస్తానమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది, బెల్లంగడ్డ చేత్తోనే పట్టుకుని. ఇద్దరూ తలెత్తి చూశారు.

కొత్త ఈగ రెక్కలు ఆరబెట్టుకుంది. ఎగిరింది. తిన్నగా, ఎవరో దారి చెప్పినట్టు, పొట్లపాదు దగ్గరికి పోయి తడిమట్టి మీద వాలింది. ఒక గుక్క నీళ్ళు తాగింది. ముందుకాళ్ళతో మట్టిని తట్టి చూసింది.

"తల్లిని చూడనే లేదే! దీనికెవరు చెప్పారు వదినా?" అంది మస్తానమ్మ.

రత్తమ్మ పందిరి కిందకి వెళ్ళి, పండిన కాయ కోసింది. విప్పితే ఎర్రటి గుజ్జులో గింజలు. కడిగి, నీడన ఆరబెట్టి, బూడిదలో కలిపి, పాతగుడ్డ చింపి రెండు మూటలు కట్టింది. ఒకటి తన చూరులో దోపింది. రెండోది గోడ మీంచి మస్తానమ్మ చేతిలో పెట్టింది.

"నాకెందుకు వదినా, మీ అమ్మవి?" అంది మస్తానమ్మ.

"ఉంచు," అంది రత్తమ్మ. "పుట్టేవాళ్ళు తింటారు."

అదమ్మడూ కథ. కళ్ళు మూసుకో మరి.

మట్టి తెచ్చె, కుండ చేసె, కుమ్మరమ్మ ఎగిరిపోయె,
ఉయ్యాల్లోని పాప లేచె, అమ్మ దారి పట్టిపోయె,
గింజ వెళ్ళె బూడిదలోకి, మూట వెళ్ళె చూరులోకి,
కథ వెళ్ళెను కంచికి, మనం వెళ్దాం నిద్దట్లోకి.